మర కోసే టూల్‌కు పదును: ఏ ముఖాన్ని అరగదీయాలన్నదే అసలు లెక్క

క్లుప్తంగా: లేత్ మీద తిరిగే కడ్డీని చెక్కే మామూలు టర్నింగ్ టూల్ మొద్దుబారితే ఏ వైపు సాన పట్టినా పెద్ద నష్టం ఉండదు. మర కోసే టూల్‌తో, అంటే బోల్టుకూ నట్‌కూ స్క్రూ గాడి చెక్కే టూల్‌తో, అలా కుదరదు. దాని అంచు ఏ ఆకారంలో ఉంటే మర అదే ఆకారంలో వస్తుంది. అందుకే లేత్ టూల్‌కైనా, రంధ్రం లోపల మర కోసే ట్యాప్‌కైనా, కడ్డీ మీద మర కోసే డైకైనా పదును పెట్టడం ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఆకారాన్ని ఇచ్చే ముఖాలను వదిలేసి, తురుము జారే ముఖాన్ని అరగదీయాలి. ఈ సూత్రానికి ఉన్న పెద్ద మినహాయింపు ట్యాప్ మొన దగ్గరి ఏటవాలు. ఇంటి వర్క్‌షాప్‌లో సాన పట్టిన ట్యాప్ చెడిపోయేది సాధారణంగా అక్కడే.

అంచే అచ్చు అయినప్పుడు

టర్నింగ్ టూల్ కోణం రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా షాఫ్ట్ గుండ్రంగానే వస్తుంది. కొలత కూడా కుదురుతుంది. షాఫ్ట్ ఆకారాన్ని నిర్ణయించేది టూల్ నడిచే దారి. అంచు ఆకారానికి అక్కడ పెద్ద పాత్ర లేదు. మర కోసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. టూల్ నడిచే దారి నుంచి పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం), లోతు మాత్రమే వస్తాయి. మర గాడి గోడలు ఎంత వాలుగా ఉండాలి, అడుగు ఎంత చదునుగా ఉండాలి అన్నవన్నీ టూల్ అంచు నుంచి అచ్చు గుద్దినట్టు దిగుతాయి.

ఆ వాలు ఒక్కో రకం మరకు ఒక్కోలా ఉంటుంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరకు కోణం 55 డిగ్రీలు, శిఖరమూ అడుగూ గుండ్రం. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మరను ముందుకు తెచ్చి, గుండ్రాల స్థానంలో చదునులు పెట్టాడు. సాధారణ మెకానిక్ కూడా దానికి కావలసిన టూల్‌ను సొంతంగా చేసుకుని, సొంతంగా సరిచూసుకోగలడన్నది ఆయన వాదనలో ముఖ్యమైన భాగం. అంటే సాన పట్టడంలోని సులువు ఒక ప్రమాణాన్నే మలిచింది. నేటి మెట్రిక్ మరకూ, యూనిఫైడ్ మరకూ 60 డిగ్రీలే. చిన్న పరికరాల్లో కనిపించే బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరకు 47.5, ట్రెపిజాయిడల్ మరకు 30, ఆక్మే మరకు 29 డిగ్రీలు.

కోణం తప్పితే జరిగేది వెంటనే కంటికి కనిపించదు, అదే ఇబ్బంది. 62 డిగ్రీల టూల్‌తో కోసిన బోల్టు మీద 60 డిగ్రీల నట్ ఎక్కుతుంది. కానీ రెండింటి గోడలూ పూర్తిగా ఆనుకోవు, ఒక సన్నని గీత మీద మాత్రమే తగులుతాయి. బిగించినప్పుడు భారమంతా ఆ గీత మీదే పడుతుంది. నట్ ఎక్కకపోతే ఇంకొంచెం లోతు కోసి ఎక్కించడం చాలామందికి అలవాటు. అలా కోసిన మరలో నట్ తిరుగుతుంది గానీ, గోడల మధ్య ఉండాల్సిన ఒరుపు ఉండదు. అది వదులవుతూ ఉంటే తప్పు పిచ్‌లోనో, లోతులోనో ఉందని వెతుకుతారు. నిజానికి ఆ తప్పు చాలాసార్లు గ్రైండర్ దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

మొద్దుబారడం ఎక్కడ మొదలవుతుంది

టర్నింగ్‌లో ఒక చుట్టుకు టూల్ ఎంత జరగాలో ఆపరేటర్ ఇష్టం. 0.1 మి.మీ. పెట్టుకోవచ్చు. మరలో ఆ స్వేచ్ఛ లేదు. పిచ్ 1.5 మి.మీ. అయితే చుట్టుకు 1.5 మి.మీ. జరగాల్సిందే. టూల్‌ను మోసే క్యారేజ్ అంత వేగంగా పరిగెడుతుంటే షాఫ్ట్ లావయ్యే మెట్టు దగ్గర ఆపడం టెన్షన్ కాబట్టి, ఇంటి లేత్ మీద మరను చాలా తక్కువ ఆర్‌పీఎంలో కోస్తారు. తక్కువ వేగంలో మెత్తని స్టీల్ టూల్ అంచుకు ముద్దగా అతుక్కుంటుంది. ఆ ముద్ద ఊడినప్పుడల్లా మర గోడను చీల్చుతుంది, అంచును కూడా కొంచెం పీక్కుపోతుంది.

దీనికి తోడు మొన సన్నం. పుట్టిన వేడి పారడానికి అక్కడ లోహమే తక్కువ. టూల్‌ను నిటారుగా లోపలికి తోస్తూ కోస్తే రెండు పక్కల అంచులూ ఒకేసారి కోస్తాయి. రెండు వైపుల తురుమూ మధ్యలో ఒకదాన్నొకటి ఢీకొని మొన మీదే నలుగుతుంది. టూల్‌ను ఏటవాలుగా నడిపే కాంపౌండ్ స్లైడ్‌ను 29 లేదా 29.5 డిగ్రీలకు తిప్పి తోసే పద్ధతి పుట్టింది ఇందుకే. అందులో పనంతా దాదాపు ముందు నడిచే అంచే చేస్తుంది, వెనక అంచు గోడను తాకీ తాకనట్టు వస్తుంది. తురుము ఒక్క వైపుకే సాఫీగా పోతుంది. అయితే అరుగుదల కూడా ఆ ఒక్క అంచు మీదే పేరుకుంటుంది. కాబట్టి కుడి మర ఎక్కువగా కోసే టూల్‌ను భూతద్దంతో చూస్తే ఎడమ అంచు ముందు మొద్దుబారి కనిపిస్తుంది.

పదును పోయిందని తెలుసుకోవడానికి దీపం చాలు. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, అది కనపడనే కనపడదు. మొద్దుబారిన అంచు వెంట సన్నని తెల్లని గీత మెరుస్తుంది. పని మీద కూడా గుర్తులుంటాయి. గోడలు పొలుసులు పొలుసులుగా వస్తాయి. శిఖరం మీద బర్, అంటే గరుకు అంచు, లేస్తుంది. లోతు పెంచకుండా అదే దారిలో మళ్లీ నడిపితే పదునైన టూల్ ఒకటి రెండుసార్లకు కోయడం మానేస్తుంది. మొద్దు టూల్ మాత్రం ప్రతిసారీ ఇంకొంచెం గీకుతూనే ఉంటుంది. అప్పటిదాకా అది లోహాన్ని కోయకుండా నెట్టి, తను వెనక్కి వంగిందన్నమాట.

లేత్ టూల్: పై నుంచే అరగదీయాలి

60 డిగ్రీల మొన పక్క ముఖాలూ ముందు ముఖమూ కిందికి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఆ వాలే క్లియరెన్స్. ఈ మూడు ముఖాలు కలిసి ఆకారాన్ని ఇస్తాయి. పై ముఖం తురుము జారే చోటు. టూల్ మొద్దుబారినప్పుడు ఎవరికైనా చెయ్యి పక్క ముఖాల మీదికే పోతుంది, ఎందుకంటే అరుగుదల కనిపించేది అక్కడే. దీని వెనక నిజమైన లెక్క కూడా ఒకటుంది.

ముందు ముఖం మీద పై నుంచి కిందికి 0.2 మి.మీ. ఎత్తున అరిగిన పట్టీ ఉందనుకుందాం. క్లియరెన్స్ 10 డిగ్రీలైతే మొన వెనక్కి జరిగింది 0.035 మి.మీ. మాత్రమే. ముందు నుంచి, పక్కల నుంచి సాన పడితే ఆ 0.035 తీస్తే సరిపోతుంది. పై నుంచి అయితే పూర్తిగా 0.2 మి.మీ. తీయాలి. లోహం పరంగా పై దారి దాదాపు ఆరు రెట్లు ఖరీదు. అయినా అదే మంచి దారి. పక్క ముఖాన్ని ముట్టుకున్న ప్రతిసారీ 60 డిగ్రీలను మళ్లీ మొదటి నుంచి సాధించాలి. పై ముఖాన్ని చదునుగా అరగదీస్తే కోణం తనంతట తానే నిలబడుతుంది. 8 మి.మీ. మందం ఉన్న టూల్ బిట్‌లో 0.2 మి.మీ. చొప్పున తీస్తూ పోతే అది చాలాకాలం వస్తుంది.

మొన విరిగితే మాత్రం లెక్క తారుమారవుతుంది. 0.2 మి.మీ. మొన ఊడిపోయిన టూల్‌ను అదే 10 డిగ్రీల క్లియరెన్స్‌తో పై నుంచి సరిచేయాలంటే 1.1 మి.మీ.కి పైగా అరగదీయాలి. అప్పుడు ఆకారాన్నే కొత్తగా పట్టడం నయం. అరిగితే పై నుంచి, విరిగితే పక్కల నుంచి అని గుర్తుంచుకుంటే చాలా వరకు సరిపోతుంది.

ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుని తయారైన టూల్స్ కూడా ఉన్నాయి. మర ఆకారాన్ని ముందే ఖచ్చితంగా గ్రైండ్ చేసిన బ్లేడును హోల్డర్‌లో నిలువుగా బిగిస్తారు. అరిగినప్పుడల్లా పై చివర మాత్రమే సాన పట్టి, బ్లేడును పైకి జరుపుతారు. గుండ్రని చక్రం అంచున మర ఆకారం చెక్కిన టూల్‌కూ ఇదే పద్ధతి. డై హెడ్‌లలో (విడి పళ్ల ముక్కలు బిగించి కడ్డీ మీద మర కోసే తలల్లో) వాడే టాంజెన్షియల్ చేజర్ అనే పళ్ల ముక్క కూడా చివర మాత్రమే సాన పట్టించుకుంటూ, అయిపోయే దాకా అదే ఆకారాన్ని ఇస్తుంది.

గేజ్ పట్టుకునే తీరు

మర టూల్ కోణం సరిచూసే సెంటర్ గేజ్‌లోని 60 డిగ్రీల గాటులో టూల్‌ను పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడటం అందరికీ తెలిసిన పనే. కానీ గేజ్‌ను టూల్ పై ముఖానికి సమాంతరంగా పట్టుకోవాలి. చాలామంది దాన్ని ముందు ముఖానికి అడ్డంగా, అంటే క్లియరెన్స్ వాలుకు లంబంగా పడతారు. ముందు క్లియరెన్స్ 10 డిగ్రీలున్న టూల్‌ను అలా చూస్తే 60 డిగ్రీల అసలు కోణం దాదాపు 60 ముప్పాతికగా కనిపిస్తుంది. అక్కడ 60 వచ్చేదాకా సాన పడితే అసలు కోణం ముప్పాతిక డిగ్రీ తగ్గిపోతుంది.

పై ముఖానికి వాలు ఇచ్చినా, అంటే రేక్ పెట్టినా, ఇదే జరుగుతుంది. మొన వైపు నుంచి వెనక్కి 10 డిగ్రీలు వాల్చి, ఆ వాలు ముఖం మీద 60 డిగ్రీలు కొలిస్తే, పని మీద దిగే మర కోణం దాదాపు 60 ముప్పాతిక. 5 డిగ్రీల వాలుకైతే తేడా 0.2 డిగ్రీలే. కాబట్టి స్టీల్‌లో సాఫీగా కోయడానికి కొద్దిపాటి రేక్ ఇస్తే ప్రమాదమేమీ లేదు. ఇత్తడికి అసలు అక్కర్లేదు. పై ముఖం చదునుగా ఉండాలన్న పాత నియమం గేజ్ లెక్కను సులువు చేయడానికి పెట్టింది. రేక్ ఇవ్వగానే టూల్ పనికిరాకుండా పోతుందన్న భయానికి ఆధారం లేదు.

రెండు పక్కల క్లియరెన్స్ ఒకేలా ఉండాలనుకోవడం ఇంకో పొరపాటు. మర ఒక వాలు దారి. ఎం10×1.5 (10 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్) మరలో ఆ వాలు సుమారు 3 డిగ్రీలు, ఎం6×1లో 3.4. ముందు నడిచే పక్క ముఖం ఈ వాలును దాటుకుని పోవాలి. దాని క్లియరెన్స్‌లోంచి ఆ డిగ్రీలు పోగా మిగిలిందే నిజంగా పనికొస్తుంది. వెనక పక్కకు అదే వాలు కలిసొస్తుంది. సన్నని పిచ్‌లలో ఈ తేడా తెలియదు. ట్రెపిజాయిడల్ 10×2 మరకు వాలు 4 డిగ్రీలు, అదే కొలతలో రెండు మొదళ్ల మరకు, అంటే రెండు గాడులు పక్కపక్కనే చుట్టుకునే మరకు, 8 డిగ్రీలు. అక్కడ ముందు పక్క క్లియరెన్స్ తక్కువైతే అంచు ఎంత పదునుగా ఉన్నా ముఖం గోడకు రాసుకుంటుంది. కీచుమనే ఆ శబ్దం విని మళ్లీ మళ్లీ అంచుకే సాన పడుతుంటారు. ఎడమ మరకు పక్కలు తారుమారవుతాయని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మొన చివరను సూదిలా వదిలేయకూడదు. పిచ్‌లో ఎనిమిదో వంతు వెడల్పున చిన్న చదును గానీ, దానికి దగ్గరి గుండ్రం గానీ ఉండాలి. 1.5 పిచ్‌కు అది 0.19 మి.మీ. నూనె రాయి మీద రెండు మూడు మెత్తని రుద్దులతో వస్తుంది. సూది మొన తొలి కోతలోనే విరుగుతుంది. విరగకపోయినా మర అడుగున పగులు పుట్టడానికి చోటిస్తుంది. పైగా లోతు లెక్క కూడా మారుతుంది. ఎనిమిదో వంతు చదును ఉంటే లోతు పిచ్‌కు 0.65 రెట్లు, సూది మొనకు 0.76 రెట్లు. 1.5 పిచ్‌లో తేడా 0.16 మి.మీ. ఒకే డయల్ అంకె మీద నమ్మకం పెట్టుకుని, సాన పట్టిన ప్రతిసారీ మొన వెడల్పు మార్చేస్తే, మర ఒకసారి బిగుతుగా, ఒకసారి వదులుగా రావడంలో వింతేమీ లేదు.

పై నుంచి అరగదీసిన టూల్ ఎత్తు తగ్గుతుంది. కింద పలచని రేకు వేసి మళ్లీ సెంటర్ ఎత్తుకు, అంటే పని మధ్యరేఖ ఎత్తుకు, తేవాలి.

వేడి, వీల్, రంగు

హైస్పీడ్ స్టీల్ (హెచ్‌ఎస్‌ఎస్)ను 1900 ప్రాంతంలో అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్‌లో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ రూపొందించారు. 1900 పారిస్ ప్రదర్శనలో మొన ఎర్రబారినా కోస్తూనే ఉన్న టూల్‌ను చూసి అప్పటి ఇంజినీర్లు ఆశ్చర్యపోయారు. ఈ స్టీల్ సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా గట్టిదనాన్ని కోల్పోదు. అందుకే గ్రైండర్ మీద హెచ్‌ఎస్‌ఎస్ టూల్ మొన నీలంగా మారితే అది చెడిపోయినట్టు కాదు. అప్పుడు కంగారుపడి నీళ్లలో ముంచడమే అసలు నష్టం. అంతగా కాగిన అంచు ఒక్కసారిగా చల్లబడితే కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. తర్వాతి కోతలో అంచు పొడిపొడిగా రాలుతుంది.

కార్బన్ స్టీల్ టూల్‌కు లెక్క వేరు. చవక సెట్లలో వచ్చే చాలా ట్యాపులు, డైలు దీనితోనే చేస్తారు. 220-230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 300 దగ్గర నీలం వస్తుంది. నీలం వచ్చిందంటే ఆ అంచు మెత్తబడిపోయినట్టే. దీన్ని మాత్రం తరచూ నీళ్లలో ముంచుతూ, వేలితో పట్టుకోగలిగినంత వేడిలోనే సాన పట్టాలి. రెండు స్టీళ్లనూ గుర్తుపట్టడానికి టూల్ షాంక్‌ను, అంటే పట్టుకునే వెనక భాగాన్ని, వీల్‌కు తాకిస్తే చాలు. కార్బన్ స్టీల్ తెల్లగా, పువ్వుల్లా విచ్చుకునే నిప్పురవ్వలు ఇస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ రవ్వలు ముదురు ఎరుపుగా, విచ్చుకోకుండా సన్నగా పోతాయి.

హెచ్‌ఎస్‌ఎస్‌కు తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ వీల్ సరైనది. ఆకారం పట్టడానికి 60 గ్రిట్, చివరి పనికి 100-120. గ్రైండర్‌తో పాటు వచ్చే బూడిద రంగు గట్టి వీల్ టూల్‌కు సరిపోదు, అది కోయడం కంటే ఎక్కువగా కాలుస్తుంది. వీల్ ముఖం మెరుస్తుంటే దాని గింజలు కూడా మొద్దుబారాయని అర్థం. వీల్‌ను గీకే డ్రెస్సర్‌తో ముఖాన్ని తాజా చేయకుండా ఎంత నొక్కినా వేడే పుడుతుంది. కార్బైడ్‌కు ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ వీల్ గానీ, డైమండ్ వీల్ గానీ కావాలి. ఆ దుమ్ములో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి మాస్క్ తప్పనిసరి. వేగంగా తిరిగే డైమండ్ వీల్ మీద స్టీల్ పెట్టకూడదు. వేడిలో వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగి వీల్ త్వరగా అరిగిపోతుంది. స్టీల్‌కు ఆ స్థానంలో సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) వీల్ వాడతారు. చేత్తో రుద్దే డైమండ్ పలకకు మాత్రం ఈ ఇబ్బంది లేదు, అంత వేడి అక్కడ పుట్టదు.

కళ్లద్దాలు పెట్టుకోవాలి, టూల్ రెస్ట్‌కూ వీల్‌కూ మధ్య ఖాళీ 3 మి.మీ. మించకూడదు. చిన్న టూల్ ఆ ఖాళీలోకి జారితే వీల్ పగులుతుంది.

గ్రైండర్ వదిలిన అంచు రంపంలా ఉంటుంది. మర గోడ మీద ఆ రంపపు పళ్లన్నీ గీతలుగా దిగుతాయి. పై ముఖాన్ని నూనె రాయి మీద చదునుగా కొన్నిసార్లు రుద్దితే ఆ గీతలు పోతాయి. అంచు కూడా చాలాసేపు నిలుస్తుంది. రెండు నిమిషాల పనికి ఇంత ఫలితం సాన మొత్తంలో ఇంకెక్కడా దొరకదు.

ట్యాప్: సమానత్వం పదును కంటే ముఖ్యం

ట్యాప్‌ను చూస్తే పొడవంతా పళ్లే. కానీ కోసేవి మొదటి కొన్నే. మొన దగ్గర పళ్లను ఏటవాలుగా తగ్గించిన భాగమే పనంతా చేస్తుంది. దాని వెనక ఉన్న నిండు పళ్లు అప్పుడే కోసిన మరలో కూర్చుని ట్యాప్‌ను ముందుకు లాగుతాయి. మూడు ట్యాపుల సెట్‌లో ఒకదానికొకటి ప్రధానంగా తేడా ఈ ఏటవాలు పొడవే. అరుగుదల కూడా ఏటవాలు మీద, దాని వెంటనే ఉన్న మొదటి నిండు పన్ను మీద పడుతుంది.

ఎం10×1.5 ట్యాప్, 8.5 మి.మీ. రంధ్రం, తురుము పోవడానికి నిడివిగా మూడు గాడులు అనుకుందాం. రంధ్రం గోడ నుంచి మర అడుగుకు లోతు 0.75 మి.మీ. ఆ లోతును ఏటవాలు నాలుగు చుట్లలో సాధిస్తే, చుట్టుకు 0.19 మి.మీ. మూడు వరుసల పళ్లు పంచుకుంటే ఒక్కో పంటికి వచ్చే వాటా 0.06 మి.మీ. పలచని కాగితం మందం అంత. ఏటవాలును రెండు చుట్లకు కుదిస్తే వాటా రెట్టింపు, 0.125. ఒక్కో పంటి మీద పడే భారం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు చేతితో సాన పట్టినప్పుడు ఒక వరుస మిగతా రెండింటి కంటే 0.06 మి.మీ. ఎక్కువ అరిగిందనుకుందాం. ఆ వరుస ఇక ఏమీ కోయదు. దాని వాటా తర్వాతి వరుస మీద పడుతుంది. బలాలు మూడు వైపుల నుంచి సరితూగవు కాబట్టి ట్యాప్ ఒక పక్కకు ఒరుగుతుంది. రంధ్రం పెద్దదై మర వదులవుతుంది, లేదా ట్యాప్ ఇరుక్కుని విరుగుతుంది. అంచులు మూడూ అద్దంలా మెరుస్తున్నా ఇది జరుగుతుంది. కొంచెం మొద్దుగా ఉన్నా మూడు వరుసలూ సమానంగా ఉన్న ట్యాప్ దీనికంటే మంచి మరను ఇస్తుంది.

ట్యాప్‌కు పదును పెట్టే దారులు రెండు. మొదటిది గాడి లోపలి ముఖాన్ని, అంటే పళ్ల ముందు ముఖాన్ని అరగదీయడం. ఇక్కడ ఆకారం చెడదు. పొరపాటు కూడా కొంతవరకు క్షమించబడుతుంది. ఏటవాలు వెనక 5 డిగ్రీల క్లియరెన్స్ ఉన్న ట్యాప్‌లో ఒక గాడి ముఖాన్ని 0.3 మి.మీ. ఎక్కువ తీస్తే, అక్కడి అంచు కిందికి దిగేది 0.026 మి.మీ. మాత్రమే. అది కూడా పంటి వాటాలో సగానికి దగ్గర కాబట్టి నిర్లక్ష్యం పనికిరాదు. అయినా దారి సురక్షితం. వీల్ అంచును గాడి ఒంపుకు తగ్గట్టు గుండ్రంగా డ్రెస్ చేసి, ట్యాప్‌ను వీల్ వెంట నిడివిగా నడపాలి. ముఖం సరిగ్గా మధ్యరేఖ వైపు చూస్తే రేక్ సున్నా. మెత్తని స్టీల్‌కు 8 నుంచి 12 డిగ్రీల రేక్ కావాలి. 10 మి.మీ. ట్యాప్‌కు 10 డిగ్రీలు రావాలంటే ఆ ముఖం తలం మధ్యరేఖకు 0.87 మి.మీ. దూరంగా పోవాలి. ఇత్తడికీ, పోత ఇనుముకూ సున్నా నుంచి 5 సరిపోతుంది.

రెండో దారి ఏటవాలునే కొత్తగా పట్టడం. మొన పళ్లు ఊడిపోయిన ట్యాప్‌కు ఇది తప్పదు. ఏటవాలు మీద అంచు ఎత్తుగా ఉండి, దాని వెనక భాగం క్రమంగా దిగుతూ పోవాలి. అంటే గ్రైండ్ చేస్తున్నప్పుడు ప్రతి వరుస దగ్గరా ట్యాప్‌ను కొద్దిగా తిప్పుతూ ఉండాలి. బెంచ్ గ్రైండర్ మీద చేతితో పట్టుకుని దీన్ని మూడుసార్లు ఒకేలా చేయడం ఎంతో అనుభవం ఉన్న చేతికి కూడా కష్టం. టూల్‌ను మధ్యలో బిగించుకునే పలకల దిమ్మె, అంటే కాలెట్ బ్లాక్, ఈ కష్టాన్ని చాలా తగ్గిస్తుంది. మూడు గాడుల ట్యాప్‌ను ఆరు పలకల బ్లాక్‌లో, నాలుగు గాడుల ట్యాప్‌ను నాలుగు పలకల బ్లాక్‌లో బిగిస్తే వరుసలు ఒకే కోణంలో వీల్ ముందుకొస్తాయి. ముందు ఒక స్టాప్ పెట్టి, ప్రతి వరుసనూ ఆ స్టాప్ దాకానే పోనివ్వాలి. దీని కోసం చిన్న టూల్ గ్రైండర్‌నే కట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో ప్రొఫెసర్ చాడ్‌డాక్ 1970లలో రూపొందించిన క్వార్న్ గ్రైండర్‌ను ఎంతోమంది ఇంటి లేత్ మీదే తయారు చేసుకున్నారు.

పని అయ్యాక డయల్ గేజ్ సూదిని ఏటవాలు మీద ఒకే ఎత్తులో ప్రతి వరుస అంచుకూ ఆనించి చూడాలి. 0.02 మి.మీ. లోపు తేడా అయితే చింత లేదు.

డైలు, చేజర్లు

డైలో దారి ఒక్కటే. తురుము పోయే గుండ్రని రంధ్రాల్లోంచి సన్నని రాయినిగానీ, డైమండ్ సూది ఫైల్‌నుగానీ పంపి, పళ్ల ముందు ముఖాన్ని రుద్దాలి. ఒక్కో రంధ్రంలో ఎన్ని రుద్దులో లెక్కపెట్టుకోవాలి. సమానత్వం ఇక్కడ కూడా అంతే ముఖ్యం. మర శిఖరాలను, గోడలను లోపలి నుంచి ముట్టుకోకూడదు. చీలిక ఉన్న డై అయితే స్క్రూతో కొంచెం బిగించి అరుగుదలను కొంతవరకు సర్దుకోవచ్చు. చాలా డైలలో రెండు పక్కలా ఏటవాలు ఒకేలా ఉండదు. అక్షరాలు చెక్కిన పక్క సాధారణంగా మొదలుపెట్టే పక్క. మొద్దుబారిందనుకున్న డైని కొందరు తిరగేసి వాడుతున్నారని కూడా తేలుతుంటుంది.

చేతి చేజర్లు, డై హెడ్ చేజర్లకు లేత్ టూల్ లెక్కే. పై ముఖం మాత్రమే.

ఏది వదిలేయాలి

ఎం5 కంటే చిన్న ట్యాప్‌కు సాన పట్టడంలో లాభం లేదు. పంటి వాటా కొన్ని వందో వంతు మిల్లీమీటర్లకు పడిపోతుంది. డయల్ గేజ్‌తో కూడా ఆ సమానత్వాన్ని చేతితో సాధించడం కష్టం. అది విరిగి రంధ్రంలో ఉండిపోతే పోయేది ట్యాప్ ఒక్కటే కాదు, దాదాపు పూర్తయిన పని కూడా పోతుంది. మెలి తిరిగిన గాడుల ట్యాప్‌కు గాడి ముఖాన్ని మెలితో పాటు నడిపించే గ్రైండర్ కావాలి. లోహాన్ని కోయకుండా నొక్కి మర చేసే ఫార్మింగ్ ట్యాప్‌కు కోసే అంచే ఉండదు కాబట్టి పదును అన్న మాటే వర్తించదు. కార్బైడ్ మర ఇన్సర్ట్‌కు (హోల్డర్‌లో బిగించే చిన్న ముక్కకు) అంచు దగ్గర సన్నని పూత, కొలిచి ఇచ్చిన గుండ్రం ఉంటాయి. దాని పై ముఖాన్ని డైమండ్ పలక మీద ఒకటి రెండుసార్లు మెత్తగా రుద్దడం వేరు, గ్రైండర్‌కు పెట్టడం వేరు. గ్రైండర్ మీద పెడితే పూతా పోతుంది, ఎత్తూ పోతుంది.

పదును తిరిగొచ్చిందో లేదో

లేత్ టూల్‌కు పరీక్ష సులువు. మెత్తని స్టీల్ ముక్క మీద కోసి, కొత్త నట్‌ను ఎక్కించి, పక్కలకు ఊపి చూడాలి. తర్వాత ఆ మరకు మార్కర్ ఇంకు పూసి నట్‌ను బిగించి తీస్తే, ఇంకు గోడ మొత్తం మీద చెరిగిందా, ఒక గీత మీదే చెరిగిందా అన్నది కోణం గురించి చెప్పేస్తుంది.

ట్యాప్‌ను కూడా ఇంకుతోనే అడగవచ్చు. ఏటవాలు మీద ప్రతి వరుస అంచుకూ ఇంకు రాసి, పనికిరాని ముక్కలో వేసిన రంధ్రంలో ఒక చుట్టు తిప్పి వెనక్కి తీయాలి. అంచున ఇంకు చెరగని వరుస కోయడం లేదు. ఇంకో రెండు చుట్లు తిప్పి గాడుల్లో తురుమును చూస్తే అదే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మూడు గాడుల్లోనూ ఒకే మందం, ఒకే రంగు తురుము ఉంటే ట్యాప్ అసలు పనికి సిద్ధం. ఒక గాడి ఖాళీగా వస్తే ఆ వరుసను మళ్లీ ముట్టుకోకూడదు. అరగదీయాల్సింది మిగతా రెండింటినే.